ఒంటికి వెళ్లిందా అని అడగండి

(విశాఖపట్నంలో ఒక కాలనీ వాసుల సమావేశంలో, 22 ఏళ్లు ఐసీయూలో పనిచేసిన ఒక నర్సు చేసిన ప్రసంగం. చివర సభలో ఒకరు అడిగిన ప్రశ్న, దానికి ఆమె చెప్పిన జవాబుతో సహా.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఉక్కలో, ఇంతమంది వచ్చి కూర్చున్నారు. చాలా సంతోషం.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు. ఐసీయూ సిస్టర్ని. 22 ఏళ్లు రోగుల మంచం పక్కన నిలబడ్డాను. ఇప్పుడు నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఏ మందు ఇవ్వాలో నిర్ణయించేది డాక్టర్లు. కానీ రోగి ఒళ్లు ఏం చెబుతోందో గంట గంటకీ చూసి చార్టులో రాసేది మేం. ఆ చార్టు పట్టుకునే ఇవాళ మీతో మాట్లాడతాను.

'మల్టీ ఆర్గాన్ ఫెయిల్యూర్'. ఈ మాట వినని వాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. పేపర్లో ఎవరైనా పెద్దవాళ్లు పోయారన్న వార్త వస్తే, కింద ఈ ముక్క కనిపిస్తుంది. అందుకే డాక్టరు ఐసీయూ బయటికొచ్చి ఈ మాట అనగానే ఇంటివాళ్లు కూలబడిపోతారు. ఒక తండ్రి నా చెయ్యి పట్టుకుని, "ఏటమ్మా, అన్నీ పోయాయంటన్నారు, ఇంకేటి మిగిలింది?" అని అడిగాడు. ఫెయిల్ అంటే ఆయనకి అర్థమైన తెలుగు అది. పోయాయి.

డాక్టరు చెప్పిన మాట అది కాదండి. రెండో, అంతకంటే ఎక్కువో అవయవాలు ప్రస్తుతానికి తమ పని తాము చేసుకోలేకపోతున్నాయి, బయటి నుంచి సాయం కావాలి అని. 'ప్రస్తుతానికి' అన్న ఆ ఒక్క ముక్క బయట కుర్చీల దాకా చేరడం లేదు. ఆ ముక్క కోసమే ఇవాళ నేనిక్కడికి వచ్చాను.

ఒక మనిషి సంగతి చెబుతాను. వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను, ఆయనెవరో తెలియకూడదు కాబట్టి. వానాకాలం చివర్లో అరకు వైపు నుంచి వచ్చాడు. కాఫీ తోటల్లో పని. నలభై లోపు వయసు, సుగర్ లేదు, బీపీ లేదు. తొమ్మిది రోజులుగా జ్వరం. మలేరియా పరీక్ష చేశారు, లేదు. డెంగ్యూ చేశారు, లేదు. మా దగ్గరికి వచ్చేసరికి నిమిషానికి 38 సార్లు ఊపిరి తీస్తున్నాడు. పైబీపీ 80. కళ్లు పచ్చగా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు 32 వేలు. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో నాలుగు దాటింది. భార్యని చూసి, "నువ్వెవరు?" అంటున్నాడు. ఊపిరితిత్తులు, రక్తప్రసరణ, కిడ్నీలు, లివర్, రక్తం, మెదడు. మా చార్టులో లెక్కించే ఆరు వ్యవస్థలూ దెబ్బతిన్నాయి.

రాత్రికి వెంటిలేటర్ పెట్టారు. మర్నాడు ఉదయం ఒళ్లు తుడుస్తున్నాను. ఐసీయూలో రోజూ చేసే పనే, గోరువెచ్చని నీళ్లూ మెత్తటి గుడ్డా. ఎడమ చంక ఎత్తి తుడుస్తుంటే మడతలో ఒక నల్లటి పెచ్చు కనిపించింది. చుట్ట నిప్పు తగిలి కాలినట్టు గుండ్రంగా, చుట్టూ ఎర్రటి అంచుతో, చిటికెన వేలి గోరంత ఉంది. అది నొప్పి పుట్టదు, దురద పెట్టదు. అందుకే ఆయనకీ తెలీదు, ఆవిడకీ తెలీదు. వెంటనే డాక్టరుగారిని పిలిచాను. స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆనీ ఆననంత చిన్న పురుగు కుడితే వస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటుకోదు. డాక్సీసైక్లిన్ అనే పాత మందుకి లొంగుతుంది, కానీ రోగం ఫలానా అని ఎవరికో ఒకరికి తట్టాలి. మన కొండల కింద ఊళ్లలో, పొలం పనులు చేసేవాళ్లలో జ్వరం అయిదు రోజులు దాటితే బట్టలు తీసి చంకలు, గజ్జలు, నడుం చుట్టూ, మోకాళ్ల వెనక వెతకండి. మచ్చ అందరికీ ఉండదు. ఉంటే మాత్రం అంతకంటే తొందరగా దారి చూపే పరీక్ష ఇంకోటి లేదు.

సరే, చంకలో కుట్టిన పురుగుకీ, కిడ్నీకీ, మెదడుకీ ఏమిటి సంబంధం? క్లాసులో పిల్లలు కూడా ఇదే అడుగుతారు.

ఈ అవయవాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది రక్తనాళాలు. వాటి లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. ఏది బయటికి పోవాలి, ఏది లోపల ఉండాలి, రక్తం ఎక్కడ గడ్డకట్టాలి అని చూసుకునేది ఆ పొరే. స్క్రబ్ టైఫస్ క్రిమి తిన్నగా ఆ పొరలోకే దూరుతుంది. న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, పేగుకి చిల్లు పడటం లాంటి వాటిలో మన శరీరం క్రిమి మీద చేసే పోరాటం అదుపు తప్పి, చివరికి ఆ పొరనే దెబ్బతీస్తుంది. ఇన్ఫెక్షన్ వల్ల ఇలా అవయవాలు దెబ్బతింటే దాన్ని సెప్సిస్ అంటారు. ఇన్ఫెక్షన్ లేకుండానూ ఇదే జరగొచ్చు. పెద్ద కాలిన గాయాలు, రోడ్డు ప్రమాదం, క్లోమం (పాంక్రియాస్) వాపు, వడదెబ్బ, ఇలా.

పొర చెడితే రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. ఒళ్లు ఉబ్బుతుంది. "సెలైన్లు ఎక్కించి మనిషిని ఉబ్బించేశారు" అని మా మీద కోప్పడతారు చూడండి, చాలావరకు ఆ కారిపోయిన నీరే అది. ఊపిరితిత్తుల్లోకి కారితే ఆక్సిజన్ అందదు. నాళాలు వదులైపోతే బీపీ పడిపోతుంది. సన్న నాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి, ప్లేట్‌లెట్లు వాటిలోనే ఖర్చయిపోతాయి. అందుకే ఒకే మనిషికి ఒక పక్క గడ్డలు కడుతుంటే, ఇంకో పక్క సూది గుచ్చిన చోట నెత్తురు ఆగదు.

పిల్లలకి నేను ఇలా చెబుతాను. జగదాంబ జంక్షన్‌లో బండ్లు బాగానే తిరుగుతున్నాయి. కానీ పూర్ణా మార్కెట్ వెనక సందులన్నీ మూసుకుపోయాయి. మెయిన్ రోడ్డు చూసినవాడు ఊరంతా మామూలుగా ఉందనుకుంటాడు. సందు చివరి ఇంటికి మాత్రం గ్యాస్ బండ చేరదు. మానిటర్ మీద కనిపించే బీపీ మెయిన్ రోడ్డు లెక్క. ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి వరసగా దూరేంత సన్నటి నాళాల్లో ఏం జరుగుతోందో అది చెప్పదు. అందుకే మేం చేతివేలి గోరు నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎన్ని క్షణాలు పట్టిందో లెక్కపెడతాం. మూడు క్షణాలు దాటితే మాకు టెన్షన్ మొదలవుతుంది. కణాలకి ఆక్సిజన్ సరిగ్గా అందకపోతే పెరిగే లాక్టేట్ రక్తంలో ఎంతుందో చూస్తాం. మోకాళ్ల మీద చర్మం ఊదారంగు మచ్చలు తేలిందా అని చూస్తాం. అన్నిటికంటే ఎక్కువగా చూసేది మూత్రం సంచి. 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి, అంటే రెండు పెద్ద చెంచాలు. సందు చివరి ఇంటికి సరుకు చేరుతోందో లేదో ఇంత తేలిగ్గా చెప్పే మిషను నాకింకోటి కనబడలేదు.

ఇప్పుడు నన్ను చాలా ఏళ్లు ఆలోచింపజేసిన విషయం చెబుతాను. సెప్సిస్‌తో చనిపోయినవాళ్ల గుండెని, కిడ్నీలని మైక్రోస్కోప్ కింద చూసిన శాస్త్రవేత్తలకి ఆశ్చర్యం వేసింది. పని పూర్తిగా ఆగిపోయిన అవయవంలో కూడా చచ్చిపోయిన కణాలు చాలా తక్కువ కనిపించాయి. కణాలు బతికే ఉన్నాయి, పని మానేశాయి. ప్రాణం నిలుపుకోడానికి కణాలు ఖర్చు తగ్గించుకుని ముడుచుకుంటాయేమో అని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూశారా? బోట్లన్నీ తాళ్లతో కట్టేసి ఉంటాయి. ఒక్క ఇంజనూ మోగదు. చూసినవాళ్లు ఇవన్నీ పాడైపోయాయి అంటారా? గాలి తగ్గితే వెళ్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది మీకందరికీ గుర్తే. ఆ గాలికి కొన్ని బోట్లు నిజంగానే పగిలిపోయాయి. అవయవాల్లోనూ అంతే. ఆక్సిజన్ అందక మెదడులో చచ్చిపోయిన భాగం మళ్లీ రాదు. నల్లబడిపోయిన వేలు మళ్లీ రాదు. కానీ అంతకుముందు బాగున్న కిడ్నీ ఇలాంటి జబ్బులో ఆగిపోతే, మనిషి బతికి బయటపడితే, చాలామందిలో అది మళ్లీ పనిలో పడుతుంది. డాక్టరు 'ప్రస్తుతానికి' అన్నది అందుకే.

అయితే గాలి తగ్గేదాకా మనిషి ఉండాలి కదా. ఐసీయూ ఉన్నది అందుకు. మన కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ హాస్పిటల్, 1923లో వచ్చింది. అప్పటికి ఐసీయూ అనేదే లోకంలో లేదు. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో పోలియో పెద్దఎత్తున వచ్చి, ఊపిరి తీసుకోలేక జనం చచ్చిపోతుంటే, వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ రోజుల తరబడి ఊపిరి ఊదారు. ఇవాళ మనం చూసే ఐసీయూ అక్కడ మొదలైంది. తర్వాత వెంటిలేటర్లు, డయాలసిస్ వచ్చాయి. మనుషులు ఒక అవయవం ఆగినా బతకడం మొదలుపెట్టాక, రెండోది ఆగడం, మూడోది ఆగడం డాక్టర్ల కంటపడింది. 1973లో బోస్టన్ సర్జన్లు దీన్ని వరసక్రమంలో గమనించి రాశారు. అంతకుముందు మొదటి అవయవం ఆగినప్పుడే మనిషి పోయేవాడు కాబట్టి, ఈ జబ్బు చూసే అవకాశమే లేదు.

వైద్యం సంగతి. ఆగిన అవయవాన్ని తిరిగి నడిపించే మందు ఇప్పటిదాకా లేదు. ఇది దాచకుండా చెప్పాలి. చేసేదల్లా మూలం పట్టుకోవడం, అవయవాలకి దన్ను ఇవ్వడం. మూలం ఇన్ఫెక్షన్ అయితే, బీపీ పడిపోయిన మనిషికి యాంటీబయాటిక్ గంట లోపల పడాలి. చీము ఉంటే తీసెయ్యాలి, ఎన్ని ఖరీదైన ఇంజెక్షన్లూ ఆ పని చెయ్యవు. నాళాలు వదులైపోయాయి కాబట్టి సెలైన్, దాంతో నిలబడకపోతే నాళాల్ని బిగించే మందు నోర్‌అడ్రినలిన్. సగటు బీపీ 65 దగ్గర నిలబెట్టాలని చూస్తాం.

వెంటిలేటర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. జనానికి దాని మీద భయం, అనుమానం రెండూ ఉన్నాయి. మేం మంచం మీద రోగి పొడవు టేపు పెట్టి కొలుస్తాం. ఒకసారి ఒకావిడ అది చూసి ఏడ్చేసింది, దేనికోసం కొలుస్తున్నామనుకుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి ముందు కారణం చెప్పి, తర్వాతే టేపు తీస్తాను. ఊపిరితిత్తుల సైజు మనిషి లావుని బట్టి ఉండదు, ఎత్తుని బట్టి ఉంటుంది. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ గాలి కొడితే అవి ఇంకా చెడతాయి. 2000 సంవత్సరంలో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఎత్తుని బట్టి లెక్కకట్టిన కిలోకి 12 మిల్లీలీటర్ల గాలి బదులు 6 మాత్రమే ఇస్తే, చనిపోయేవాళ్లు వందకి 40 మంది నుంచి 31కి తగ్గారు. కొత్త మందు ఏమీ లేదు. తక్కువ గాలి, అంతే. కోవిడ్ రోజుల్లో రోగుల్ని బోర్లా పడుకోబెట్టడం మీరు విన్నారు. దానివల్ల ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లలో మరణాలు తగ్గుతాయని 2013లోనే ఫ్రెంచ్ డాక్టర్లు చూపించారు.

ఆరు వ్యవస్థలకీ ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తాం, మొత్తం 24. ఇక్కడ ఎక్కువ మార్కులు చెడ్డ. మొదటి రోజు ఎంతన్నది ఒక లెక్క. రెండో రోజుకీ మూడో రోజుకీ అది పెరిగిందా తగ్గిందా అన్నది అంతకంటే ముఖ్యం. కాబట్టి డాక్టరుగారిని "బతుకుతాడా?" అని అడిగితే ఆయన నోరు పెగలదు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏ అవయవం మెరుగైంది, ఏది దిగజారింది?" అని అడగండి, జవాబు దొరుకుతుంది. ఎన్ని ఎక్కువ అవయవాలు ఆగితే, ఎంత ఎక్కువ రోజులు ఆగితే, అంత ప్రమాదం, ఇది నిజం. పెద్ద వయసు, పాత గుండెజబ్బు, ముదిరిన క్యాన్సర్ ఉన్న మనిషిలో రోజురోజుకీ అన్నీ దిగజారుతుంటే, ఇంక యంత్రాలు పెంచడం వల్ల ఆ మనిషికి ఒరిగేదేమిటని డాక్టరే మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతారు. అప్పుడు నొప్పి లేకుండా చూడమని, చెయ్యి పట్టుకుని కూర్చోనివ్వమని అడగడం తప్పు కాదు. అలా అడిగిన కొడుకుల్ని, కూతుళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్లు అమ్మని వదిలేసినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో చెబుతాను. ఇది చెప్పడం నాకు తేలిక కాదు.

మా అత్తగారు చోడవరం దగ్గర పల్లెలో ఉండేవారు. సుగర్ ఉంది. ఒక సాయంత్రం మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, అమ్మ రెండు రోజులుగా మత్తుగా ఉంది, మాట తేడాగా ఉంది" అన్నాడు. నేను డ్యూటీలో ఉన్నాను. "జ్వరం ఉందా?" అని అడిగాను. లేదన్నాడు. "నీరసమేమో, మజ్జిగ పట్టండి, రేపు చూద్దాం" అన్నాను. ఫోన్ పెట్టేసి, వేరేవాళ్ల అమ్మ మూత్రం సంచిలో ఎంత వచ్చిందో చూసి చార్టులో రాశాను. మా అత్తగారికి ఒంటికి వెళ్లిందా అని మాత్రం అడగలేదు.

పెద్దవాళ్లలో, సుగర్ ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు. ఇది నేను పిల్లలకి పాఠం చెప్పే విషయమే. ఆ రెండు రోజుల్లో ఊళ్లో ఒకాయన ఒళ్లు నొప్పులకని ఇంజెక్షన్ చేశాడు. నీళ్లు తాగని మనిషికి ఆ నొప్పి మందు కిడ్నీల మీద ఇంకో దెబ్బ. మూడో రోజు విశాఖ తీసుకొచ్చారు. ట్యూబు వేస్తే టీ డికాషన్ రంగులో 20 మిల్లీలీటర్లు వచ్చింది. మోకాళ్ల మీద ఊదా మచ్చలు. మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. అయిదో రోజు పోయారు.

రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేవారా? కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ ఆ గంటలు ఉన్నాయి, అవి మా ఇంట్లోనే గడిచిపోయాయి. లోకం మొత్తం మీద 2017లో సెప్సిస్ వచ్చినవాళ్లు 4 కోట్ల 89 లక్షలు, పోయినవాళ్లు కోటీ పది లక్షలు అని ఒక అంచనా. ప్రతి అయిదు చావుల్లో ఒకటి దీంతో ముడిపడి ఉన్నట్టే. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు మా మరిది ఫోన్ గుర్తొస్తుంది.

అందుకని ఇంట్లో ఎవరికైనా జ్వరమో, పుండో, విరేచనాలో, దగ్గో ఉంటే ఇవి చూడండి. ఫోన్‌లో టైమ్ పెట్టుకుని ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. కూర్చున్న పెద్ద మనిషిలో 22 దాటితే ఊరుకోకండి. మనిషి కొత్తగా తికమకగా మాట్లాడుతున్నా, లేపితే లేవకపోయినా దాన్ని ముసలితనం ఖాతాలో వెయ్యకండి. చేతులూ కాళ్లూ చల్లబడ్డాయా? బీపీ మిషన్ ఉంటే పై అంకె వందకి దిగిందా? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒంటికి వెళ్లలేదంటే, వెళ్లినా కాస్తే, చిక్కగా వచ్చిందంటే రేపటిదాకా ఆగొద్దు. 108కి చెయ్యండి. డెంగ్యూలో ఇంకో మెలిక ఉంది. జ్వరం తగ్గిన రోజునే ప్రమాదం మొదలవ్వొచ్చు. జ్వరం తగ్గింది, మనిషి మాత్రం నీరసించి, కడుపునొప్పి అంటున్నాడంటే అది తగ్గడం కాదు. ఏ జ్వరమో తేలేదాకా నొప్పి ఇంజెక్షన్లు అడిగి చేయించుకోకండి, పారాసిటమాల్ సరిపోతుంది.

ఐసీయూ నుంచి ఇంటికొచ్చినవాళ్ల గురించి ఒక్క మాట. బరువు తగ్గిపోతారు, గ్లాసు ఎత్తలేరు, రాత్రుళ్లు భయపడి లేస్తారు, మతిమరుపు ఉంటుంది. ఇది నెలల తరబడి ఉండొచ్చు. బద్ధకం అని కసురుకోకండి.

నేను ఎక్కువసేపే మాట్లాడాను. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలో ఒక మహిళ: మా బావగారికి న్యుమోనియా వచ్చి మూడుసార్లు డయాలసిస్ చేశారు సిస్టర్. నిన్ననే వార్డుకి మార్చారు. డయాలసిస్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయించాల్సిందే అంటున్నారు మా వాళ్లు. నిజమేనా?)

కాదమ్మా. అది ఏళ్ల తరబడి సుగర్, బీపీ వల్ల కిడ్నీలు పాడైనవాళ్ల సంగతి. డయాలసిస్ కిడ్నీని అలవాటు చెయ్యదు, కిడ్నీ ఆగినప్పుడు దాని పని చేసిపెడుతుంది. ఇందాక కాఫీ తోట మనిషి గురించి చెప్పాను కదా. ఆయనకీ డయాలసిస్ చేశారు. 11 రోజులు చుక్క రాలేదు. సంచి ఖాళీ. వాళ్లావిడ రోజూ గుమ్మంలో నిలబడి నా మొహం చూసేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ప్లేట్‌లెట్లు పెరిగాయి, వెంటిలేటర్ తీశారు, భార్యని గుర్తుపట్టాడు. కిడ్నీలు మాత్రం కదల్లేదు. పన్నెండో రాత్రి రెండు గంటలకి టార్చి వేసి చూస్తే, సంచి గొట్టంలో పసుపు రంగు. 15 మిల్లీలీటర్లు. లైటు కింద పట్టుకుని రెండుసార్లు చదివాను. తర్వాతి గంటకి 20. తెల్లవారేసరికి ఒక టీ గ్లాసుడు. ఆవిడకి సంచి ఎత్తి చూపించాను, ఆమె దానికి దణ్ణం పెట్టింది. వారం తిరిగేసరికి రోజుకి మూడు లీటర్లు పోశాడు, అప్పుడు మళ్లీ నీళ్లూ ఉప్పూ తగ్గిపోకుండా చూసుకోవాల్సి వచ్చింది. డయాలసిస్ ఆపేశారు.

అందరికీ అలా జరుగుతుందని చెప్పను. మీ బావగారికి ముందు నుంచి సుగర్ ఉంటే, పాత క్రియాటినిన్ ఎంతో వెతికి డాక్టరుకి చూపించండి. ఇంటికొచ్చాక రోజూ మూత్రం ఒక మగ్గులో కొలిచి కాగితం మీద రాయండి. బాగైపోయిందని మానేయకుండా మూడు నెలలకి మళ్లీ క్రియాటినిన్ చేయించి కిడ్నీ డాక్టరుని కలవండి. నొప్పి బిళ్లలు సొంతంగా వేసుకోనివ్వకండి.

ఇంతకీ ఇవాళ ఆయనకి ఒంటికి వెళ్లిందా అమ్మా?